ఎగువ నీరు, దిగువ మడ

సముద్రానికీ నయా రాయపూర్‌కూ ఏమి సంబంధమని పాఠకులు ప్రశ్నించవచ్చును. మేము నివసించే ఈ నగరం నుండి ఏ దిక్కుగా బయలుదేరినా దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు సాగితే గాని ఉప్పునీరు కంటబడదు. 2018లో ప్రభుత్వం దీనికి అటల్ నగర్ అని నామకరణం చేసినప్పటికీ, మా తెలుగు కుటుంబాల నోట నయా రాయపూర్ అనే మాటే స్థిరపడిపోయింది. ఇక్కడి విశాలమైన రహదారులు, సెంధ్ చెరువు గట్టు, దూరాన కోతకు వచ్చిన వరిచేలు చూస్తూ కూర్చున్నవారికి కడలి ఘోష స్ఫురించే అవకాశమే లేదు. అయినను మేము ఈ వ్యాసాన్ని ఒక నదీముఖాన్ని గురించి, అక్కడ బురదలో దిగి అడవిని నిలబెడుతున్న మనుషులను గురించి వ్రాయ సంకల్పించాము. దానికి కారణం నీరు.

నయా రాయపూర్‌లో కురిసిన వాన ఏ కాలువను పట్టుకుని వెళ్ళినా చివరకు మహానదిలో కలుస్తుంది. ధమ్‌తరీ జిల్లా సిహావా కొండలలో పుట్టిన ఆ నది హీరాకుడ్ మీదుగా ఒడిశా తీరానికి చేరుకుంటుంది. కాని దక్షిణంగా జగదల్‌పూర్ దారిని పట్టి కాంకేర్ దాటి కేశకాల్ కనుమ ఎక్కినామంటే, అక్కడి నుండి నీటి వాలు మారిపోతుంది. కనుమకు ఇవతల పడిన చినుకు మహానదికి, అవతల పడిన చినుకు ఇంద్రావతి ద్వారా గోదావరికి. గోదావరి పరీవాహక ప్రాంతంలో ఎనిమిదవ వంతుకు అటూ ఇటూగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోనే ఉన్నది. అనగా బస్తర్ అడవులలో కురిసిన వర్షమే మన కాకినాడ ప్రక్కనున్న కోరంగి మడ అడవికి చనుబాలు. ఈ సంగతి మాకు పుస్తకాల ద్వారా తెలిసినదే గాని, కన్నులతో చూచినది మాత్రం 2024 జనవరిలోనే.

మాలో వయసులో పెద్దవారైన ఒక సహోద్యోగి ఉన్నారు. వారిది తాళ్ళరేవు మండలంలో గాడేరు ఒడ్డున ఒక చిన్న పల్లె. ముప్పది సంవత్సరాలకు పైగా మన సంస్థలో, మొదట యంత్రాల వద్ద, తరువాత కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణకు దగ్గరైనారు. విరమణానంతరం స్వగ్రామంలో ఇల్లు కట్టుకుని ఉండిపోవాలని వారి కోరిక. పిల్లలు మాత్రం, ఉప్పునీరు ఎక్కి వస్తున్న ఊరిలో ఉన్న సొమ్మంతా పునాదిలో పోయడం వివేకం కాదని వాదిస్తున్నారు. రాయపూర్‌లోనే ఒక వాటా తీసుకుంటే వైద్యానికీ, మనుమల చదువుకూ సౌకర్యమని వారి పట్టు. ఈ తగవు తీరాలంటే ఊరు చూచి రావడమే మార్గమని మేమందరం అన్నాము. సంక్రాంతి సెలవులు కలిసి వచ్చాయి. విశాఖపట్నం రైలు ఎక్కితే సుఖంగా ఒక రాత్రిలో కోస్తాకు చేరవచ్చును గాని, నీటి వెంట పోదామని మాలో ఒకరు ప్రతిపాదించగా, రెండు వాహనాలలో రోడ్డు దారినే బయలుదేరాము.

దారి ముచ్చట్లు విస్తరించి చెప్పబోము. జగదల్‌పూర్‌లో ఇంద్రావతి వంతెన మీద నిలిచి చూస్తే జనవరికే నది సన్నబడి ఉన్నది. ఎగువన ఒడిశా సరిహద్దు దగ్గర జోరా నాలాలోకి నీరు మళ్ళిపోవడం వలన వేసవిలో ఇక్కడ ఇసుక తేలుతుందనీ, ఆ వివాదం రెండు రాష్ట్రాల మధ్య చిరకాలంగా నలుగుతున్నదనీ స్థానికులు చెప్పారు. సుక్మా దాటి కోంటా చేరేసరికి శబరి ప్రక్కనే వస్తుంది. అక్కడి తేనీటి దుకాణంలో హిందీ, గోండీ, తెలుగు మూడూ ఒకే బల్లపై వినబడ్డాయి. చింతూరు నుండి మారేడుమిల్లి కనుమ దిగి రాజమహేంద్రవరం చేరేసరికి రెండవ రోజు సాయంకాలమైనది.

ధవళేశ్వరం వద్ద మాత్రం కొంతసేపు ఆగాము. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టించి 1852లో పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉన్నది. దాని ఎగువన గోదావరి నిండు సరస్సు. దిగువన తిన్నెలు తిన్నెలుగా ఇసుక, మధ్య మధ్య పాయలు. రబీ పంటకు కాలువలకు నీరు వదిలిన తరువాత సముద్రం వైపు పోయేది స్వల్పం. డెల్టా అన్నం తిని పెరిగిన మేము ఆ కాలువలను ఎన్నడూ తప్పు పట్టలేము. ఆ దిగువ ఇసుకను చూసి మా సహోద్యోగి మాత్రం ఏమీ మాట్లాడక వాహనంలో కూర్చున్నారు.

కోరంగి పేరు చరిత్రలో చిన్నది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో అది ఓడలు కట్టే రేవు. ఇక్కడి నుండి ఓడ ఎక్కి బర్మాకు కూలికి వెళ్ళిన తెలుగువారిని ఆ దేశంలో కోరంగీలని పిలిచేవారు. శ్రీకాకుళం వాడైనా, విశాఖ వాడైనా రంగూన్‌లో కోరంగీయే. అంతటి రేవును 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన ముంచింది. రెండవ దెబ్బకు మృతుల సంఖ్యను గురించి పుస్తకాలు పలు రకాలుగా చెబుతాయి గాని, ఆ తరువాత కోరంగి మునుపటి రేవుగా కోలుకోలేదన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఓడలు పోయాయి, మడ మిగిలింది. గౌతమి నుండి చీలిన కోరంగి పాయ, గాడేరు పాయ కాకినాడ అఖాతంలో కలిసే చోట ఆ అడవి ఉన్నది. అఖాతానికి అడ్డుగోడగా నిలిచిన ఇసుక దీవి హోప్ ఐలాండ్. 1978లో ప్రభుత్వం ఇక్కడ 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. నది సముద్రంలో కలిసే నోటిని ఇక్కడివారు మొగ అంటారు. గాడిమొగ వంటి ఊరి పేర్లలో ఆ మాట నేటికీ నిలిచి ఉన్నది. నిఘంటువు చూచి సంస్కృత పదం కల్పించే ముందు మనవారు ఇటువంటి మాటలను ఒకసారి వినవలెనని మా మనవి.

మా సహోద్యోగి అక్కగారు ఆ ఊరిలోనే ఉంటారు. అరవై అయిదు దాటిన మనిషి. భర్త వేటకు వెళ్ళేవారు, ఇప్పుడు లేరు. ఆమె తమ ఊరి వన సంరక్షణ సమితిలో మొదటి నుండి సభ్యురాలు. మేము వెళ్ళిన పూట ఆమె వాకిట్లో మండపీతలకు తాడు కడుతూ కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ణి చూచి లేవకుండానే, "ఏరా తమ్ముడూ, ఇంతమందిని తీసుకొచ్చావు, ఇల్లు కడతావా, అమ్ముతావా?" అని అడిగారు. మా స్త్రీలను లోపలికి రమ్మని చాపలు పరచి, మజ్జిగ ఇచ్చి, తరువాత గాని అసలు మాట ఎత్తనీయలేదు.

మరునాటి ఉదయం పాటు సమయంలో ఆమె మమ్ము పడవలో అడవిలోకి తీసుకుని వెళ్ళారు. అటవీశాఖ అనుమతిని సమితి వారే ముందుగా తెచ్చి ఉంచారు. పాయకు ఇరుప్రక్కలా చెట్లు నీటి అంచున ఊతవేళ్ళ మీద నిలుచున్నట్లు ఉన్నాయి. ఇది ఉప్పుపొన్న, అది గుగ్గిలం, అల్లది తిల్ల అని ఆమె చూపుతూ వచ్చారు. తిల్ల పాలు కంట పడితే చూపుకు ప్రమాదమని, ఆ చెట్టును గొడ్డలితో కొట్టేవారు కళ్ళు తిప్పుకుని కొట్టేవారని చెప్పారు. పొన్నకాయ చెట్టుకు వ్రేలాడుతూనే మొలకెత్తి, బాగా పొడవైన తరువాత రాలి బురదలో నిలువుగా గుచ్చుకుంటుంది. తల్లి కడుపులోనే పెరిగి పుట్టే బిడ్డ వలె విత్తనం చెట్టుమీదే మొక్క కావడం మాలో పలువురికి కొత్త వింత. నల్లమడ చుట్టూ నేల నిండా జానెడు పొడవున శ్వాసవేళ్ళు మేకుల వలె పొడుచుకుని వచ్చి ఉన్నాయి. చెప్పులు విప్పి దిగినవారు ఆ మేకులను చాలా కాలం మరచిపోరు.

కొంత దూరం పోయిన తరువాత చెట్లు ఒక్కసారిగా ఒకే ఎత్తున, వరుసలు తీరి కనబడ్డాయి. "ఇది దేవుడు పెట్టింది కాదు బాబూ, మేం పెట్టింది" అన్నారామె. ఆ వరుసల మధ్య సన్నని కాలువలు. ఒక పెద్ద కాలువ పాయ నుండి లోపలికి వెళుతుంది. దానికి రెండు ప్రక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుండి చూస్తే చేప వెన్నుముల్లు ఆకారం. ఇక్కడనే మేము ఈ ప్రయాణంలో అన్నిటికంటె ఎక్కువసేపు నిలిచాము. పాఠకులు కూడా కొంచెము ఓపిక పట్టవలెనని కోరుతున్నాము.

ఒకప్పుడు ఈ అడవులలో కట్టె కోసం ఒక్కొక్క భాగాన్ని మొత్తంగా నరికే పద్ధతి ఉండేది. నరికిన చోట మళ్ళీ అదే పెరుగుతుందని లెక్క. మైదానంలో కొన్ని చెట్ల విషయంలో ఆ లెక్క సరిపోవచ్చును గాని, మడ విషయంలో సరిపోలేదు. నీడ పోయిన బంకనేల ఎండకు ఆరిపోతుంది. ఆరిన నేల కుంగుతుంది. నేల నడుమ పళ్ళెం వలె లోతు పడుతుంది. పున్నమికీ, అమావాస్యకూ వచ్చే పెద్ద పోటు ఆ పళ్ళెం అంచు దాటి లోనికి వస్తుంది, పాటుకు తిరిగి పోలేదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై పోగా ఉప్పు మాత్రం మిగులుతుంది. ఏటికేడు ఉప్పు పేరుకుని, ఉప్పుకు ఓర్చే మడ కూడా ఓర్వలేని స్థితికి నేల చేరుకుంటుంది. అటువంటి చోట ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. దానిని చూసినవారు ఇది పశువుల వలన, ఇది ఊరివారి గొడ్డళ్ళ వలన అనుకునేవారు. అవీ కారణాలే. కాని ప్రధానమైన రోగం నీరు కదలకపోవడం.

చెన్నైలోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1996 నుండి 2003 వరకు భారత-కెనడా పర్యావరణ నిధి సహాయంతో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాలలో మడ అడవుల పథకాన్ని నడిపింది. అటవీశాఖ, గ్రామస్థుల సమితులు, ఆ సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పని అది. వారు కనుగొన్న వైద్యం వినడానికి బహు సులభం. నీటికి దారి తీయాలి. పాయ నుండి పళ్ళెంలోకి కాలువ త్రవ్వి, దానికి పిల్ల కాలువలు కలిపితే, రోజుకు రెండు పోట్లు వచ్చి రెండుసార్లు ఉప్పును కడుక్కుని పోతాయి. ఒక వర్షాకాలం గడిచిన తరువాత నాటితే తెల్లమడ నిలుస్తుంది. అది నిలిచిన నీడలో తక్కినవి వస్తాయి. వ్యవసాయ శాస్త్రవేత్తగా లోకమెరిగిన స్వామినాథన్ 2023 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ గోధుమ, వరి వంగడాలనే తలచుకున్నాయి. ఈ పల్లెలో ఆయన పేరు చెబితే కాలువలు గుర్తు చేసుకుంటారు.

వినడానికి సులభమైనది చేయడానికి సులభం కాదు. మోకాలి లోతు బురదలో నిలిచి, పార దించితే పైకి రాని బంకను తీయాలి. పాటు ఉన్న కొద్ది గంటలలోనే పని. పోటు తగిలితే పడవ ఎక్కాలి. మొదటి ఏడాది పనికి వచ్చినవారిని ఊరిలో కొందరు, "సముద్రానికి కాలవ తవ్వుతున్నారు, రేపు ఆకాశానికి నిచ్చెన వేస్తారు" అని ఎగతాళి చేశారట. ఆమె భర్త కూడా అన్నవారిలో ఒకరట. "కూలి ఇస్తున్నారు గాబట్టి వెళ్ళాను, అడవి కోసం వెళ్ళానని ఇప్పుడు చెబితే అబద్ధం" అని ఆమె నిస్సంకోచంగా చెప్పారు. రెండేళ్ళకు మొక్కలు నడుము ఎత్తు వచ్చాయి. ఆ కాలువలలోకి చేపపిల్ల, రొయ్యపిల్ల రావడం మొదలైంది. అప్పటి నుండి ఊరిలో ఎగతాళి మాట మానివేశారు. సమితి తీర్మానం చేసి వంటచెరకు కోసం పచ్చి చెట్టు కొట్టరాదని, గేదెలను లోనికి తోలరాదని కట్టుబాటు పెట్టుకున్నారు. జరిమానా మొదట చెల్లించినది ఎవరో చెప్పమంటే, చెప్పలేదు. "ఆళ్ళ మనవడే ఇప్పుడు మా లెక్కలు రాస్తాడు" అని మాత్రం నవ్వారు.

ఈ కట్టుబాటుకు ఊరు అంత త్వరగా ఒప్పుకోవడానికి ఇంకొక కారణం 1996 నవంబరు 6 నాటి తుపాను. ఆ రాత్రి ఈ తీరంలో వెయ్యిమందికి పైగా మరణించారు. సముద్రంలో వేటలో ఉన్న మత్స్యకారులు అనేకులు తిరిగి రాలేదు. మా సహోద్యోగి అప్పుడు ఉత్తరాదిన ఒక ప్రాజెక్టులో ఉన్నారు. తంతి తెగిపోయి, ఫోను మూగబోయి, నాలుగు రోజులు ఇంటి సమాచారం తెలియక ఆయన ఎట్లా గడిపారో ఆనాటి సహచరులు నేటికీ చెబుతారు. వారి ఇంటి కప్పు పోయింది, మనుషులు దక్కారు. వెనుక మడ ఉన్న ప్రక్క పడవలు నిలిచాయనీ, బయలున్న ప్రక్క పోయాయనీ అక్కగారి మాట. తుపాను వేగానికి, ఒడ్డు వాలుకు, అదృష్టానికి వేరు వేరు పాళ్ళు కట్టడం మా వల్ల కాదు గాని, ఆ మాటను ఊరంతా నమ్మింది, నమ్మి కాపలా కాసింది.

అదే కాలంలో రొయ్యల చెరువుల హోరు కూడా వచ్చింది. చెరువు వేసినవారు కొందరు మేడలు కట్టారు, తెగులు తగిలి కొందరు మేడలు అమ్మారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు ఇచ్చింది. అటుపై జరిగినది ప్రత్యేకంగా వ్రాయవలసిన కథ. ప్రమాదం గతించినదని అనుకోవడానికి మాత్రం వీలు లేదు. 2020లో కాకినాడ శివార్లలోని దుమ్ములపేట వద్ద ఇళ్ళ స్థలాల కోసం మడను తొలగించినప్పుడు ఆ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళింది. ఇల్లు లేని పేదవాడికి స్థలం కావాలి, ఊరికి అడవీ కావాలి. రెండింటినీ ఒకే ఎకరంలో వెదకినప్పుడే చిక్కు వస్తుంది.

2011లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంతో కలిసి గోదావరి నదీముఖ పర్యావరణం కోసం మరొక పథకాన్ని ప్రారంభించింది. ఎగ్రీ అనే పొట్టి పేరుతో ఇక్కడ అది అందరికీ తెలుసు. దాని దృష్టి అడవి మీదనే గాక చుట్టూ ఉన్న పరిశ్రమలు, రేవు, చేపల వేట మీద కూడా ఉండినది. తాబేళ్ళు వలలో చిక్కి చావకుండా వలకు అమర్చే పరికరాలను మత్స్యకారులకు పరిచయం చేశారు. హోప్ ఐలాండ్‌లోనూ, శాక్రమెంటో ద్వీపంలోనూ శీతకాలపు రాత్రులలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. కుక్కలు, నక్కలు తవ్వకముందే ఆ గుడ్లను ఏరి కంచెలో పాతిపెట్టే యువకులను మేము కలిశాము. రాత్రంతా నడిచి ఉదయం నిద్రకళ్ళతో వచ్చారు. వారి జీతం చాలా తక్కువ, అది కూడా ఏడాది పొడవునా ఉండదు. 2018లో కెమెరాలు పెట్టి లెక్కించినప్పుడు ఈ అభయారణ్యంలో 115 బావురు పిల్లులు ఉన్నట్లు తేలింది. నీటిలోకి దూకి చేపను పట్టే ఆ పిల్లి మాకు కనబడలేదు. బురదలో దాని అడుగుజాడ ఒకటి చూపించారు. నీటికుక్కలు మాత్రం నాలుగు, పడవకు ఎదురుగా తలలెత్తి మమ్ము తనిఖీ చేసి మునిగిపోయాయి.

అటవీ సర్వే వారి నివేదికల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ విస్తీర్ణం 2003లో 329 చదరపు కిలోమీటర్లు, 2021లో 405. కొలిచే సాధనాలు ఈ మధ్య కాలంలో మెరుగైనందున మొత్తం తేడాను పెరుగుదలగా జమ కట్టరాదు. అయినా తరుగుదల కాకపోవడమే విశేషం. 1987 నాటి నివేదికలో ఇదే అంకె 495 అని గుర్తు చేసుకుంటే ఉత్సాహం కొంత అదుపులో ఉంటుంది.

సమితిలో అందరూ ఒకే మాట మీద లేరన్నది కూడా చెప్పడం న్యాయం. ఆ సాయంకాలం పడవల రేవు వద్ద కూర్చున్నప్పుడు ఒక వృద్ధుడు గట్టిగానే ఆక్షేపించాడు. కాలువ తవ్వినది తామైతే, ఇప్పుడు ఆ కాలువలో పీతను పట్టడానికి తామే అనుమతి అడగవలసి రావడం ఏమి ధర్మమని ఆయన ప్రశ్న. అభయారణ్యం నియమాలు అటువంటివని సమితి యువకుడు నచ్చజెప్పబోయాడు. "నియమం పుట్టక ముందే నేను పుట్టాను" అని ఆయన సమాధానం. అటవీశాఖ గార్డు ఒకరు అక్కడే ఉండి, మాట కలపక, పెద్దాయనకు బీడీ వెలిగించి ఇచ్చాడు. ఈ తగవు ఒక రోజున పుట్టినది కాదు, ఒక రోజున తీరేది కాదని మాకు అర్థమైంది.

అప్పుడే అక్కగారు మా వైపు తిరిగి అడిగారు. "మీరు పైన ఉంటారంట గదా బాబూ. ఎర్రనీరు మీ దగ్గర్నుంచేనా వస్తది?"

ఎర్రనీరు అనగా వరద. ఆషాఢ శ్రావణాలలో బురదతో ఎర్రబడి వచ్చే ఆ నీటికి ఎదురీదుతూనే సముద్రపు చేప నదిలోకి ఎక్కి పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనన్న సామెత పుట్టిన నేల ఇది. ఎర్రనీరు మడకు కొత్త మట్టిని తెస్తుంది, ఉప్పును పలుచన చేస్తుంది. అది తగ్గితే పులస తగ్గుతుంది, మట్టి తగ్గుతుంది. మట్టి రాని తీరాన్ని సముద్రం తినివేస్తుంది. ఉప్పాడలో రోడ్డు ఎన్నిసార్లు కొట్టుకుపోయిందో పత్రికలలో చూస్తున్నదే. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, గోదావరి 1970 దశకంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని తెచ్చేది, 1990 దశకంలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. తక్కినది ఎగువన ఆనకట్టల వెనుక నిలిచిపోయింది. 1976 నుండి 2001 మధ్య డెల్టా అంచున 1,800 హెక్టార్లకు పైగా భూమి నికరంగా సముద్రం పాలైనదని కూడా వారే లెక్క కట్టారు. చేప వెన్నుముల్లు కాలువలు త్రవ్వి నీటిని కదిలించగలిగిన సమితికి, రాని మట్టిని రప్పించే ఉపాయం చేతిలో లేదు. అది మా వంటి ఎగువవారి చేతిలో ఉన్నది.

మాలో విద్యుదుత్పత్తి విభాగంలో పనిచేసే ఒకరు ఆమెకు శ్రద్ధగా జవాబు చెప్పారు. మా ప్రాంతంలోని పెద్ద విద్యుత్కేంద్రాలు ఎక్కువగా మహానది వైపు నీటినే వాడతాయని, గోదావరి వైపు కాదని వివరించారు. 2015లో కేంద్రం తెచ్చిన నియమం ప్రకారం పాత కేంద్రాలు సైతం ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని, దాని కోసం నీటిని పదే పదే శుద్ధి చేసి తిరిగి వాడే ఏర్పాట్లు ఎట్లా చేస్తారో కూడా చెప్పారు. ఆమె అంతా విని, "మాకు కాకపోతే ఇంకోళ్ళకి తగ్గద్ది గదా. ఆ ఏటికి కూడా మొగ ఉంటది గదా" అన్నారు.

ఉన్నది. మహానది, బ్రాహ్మణి, వైతరణి నదులు కలిసి కట్టిన డెల్టాలో భితర్‌కనికా మడ అడవి ఉన్నది. మహానది నీటి పంపకం కోసం ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మధ్య 2018లో ట్రిబ్యునల్ ఏర్పడింది. నయా రాయపూర్‌లో మేము ప్రతి ఉదయం కుళాయి తిప్పి పట్టుకునేది ఆ నది నీరే. ఆ రాత్రి మా బృందంలో ఈ విషయమై చాలాసేపు సంభాషణ సాగింది. మనం చేసే కరెంటు లేకపోతే ఈ పల్లెలో దీపం, ఐసు కర్మాగారం, పిల్లల చదువు ఉండవని ఒకరు అన్నారు. నిజమే. ఆ దీపం వెలుతురులో కూర్చుని అడిగిన ప్రశ్న కూడా నిజమేనని మరొకరు అన్నారు. మా సంభాషణ ఏ తీర్మానానికీ రాలేదు. యూనిట్‌కు మూడున్నర లీటర్లన్న అంకెను మాత్రం అప్పటి నుండి మేము కొత్తగా చూస్తున్నాము. అంతకు ముందు అది నెలసరి నివేదికలో ఒక గడి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మా సహోద్యోగి తన స్థలాన్ని చూపించారు. అయిదు సెంట్ల జాగా. చుట్టూ కొబ్బరి. ప్రక్క ఇంటి గోడకు మోకాలి ఎత్తున తెల్లని ఉప్పు చార. బావి నీరు వేసవిలో నోట పెట్టలేమని అక్కగారు దాపరికం లేకుండా చెప్పారు. ఇక్కడ కడితే గోడలకు ఏమి జరుగుతుందో ఇంజనీరుగా ఆయనకు తెలుసు. అమ్మితే ఎంత వస్తుందో కూడా తెలుసు. "నువ్వు వస్తావని నేను అనుకోను. కాని రాకపోతే కాలవల లెక్క ఎవరు చూస్తారు? మా పిల్లలు హైదరాబాదులో ఉన్నారు" అని ఆమె అన్నారు. కాలువలను ఒకసారి త్రవ్వి వదిలితే చాలదు. ప్రతి వరదా, ప్రతి పోటూ కొంత పూడుస్తుంది. వేసవిలో పూడిక తీయకపోతే మూడు నాలుగు ఏళ్ళలో మళ్ళీ పాత పళ్ళెమే. పథకాలు వచ్చిన కాలంలో దానికి డబ్బు ఉంటుంది, పథకం ముగిసిన తరువాత ఊరివారి చేతులే ఉంటాయి. 2023లో కేంద్రం మిష్టీ పేరుతో మడ అడవుల పథకాన్ని మళ్ళీ ప్రారంభించింది. డబ్బు ఎప్పుడు వచ్చినా, కాలువ వాలు ఎంత ఉండాలో, ఏ పిల్ల కాలువ ఎటు తిప్పాలో కొలిచి కాగితం మీద పెట్టేవారు అవసరం. ఆ పని ఆయన యంత్రశాలలో ముప్పది ఏళ్ళు చేసిన పనికి అంత దూరమైనది కాదు.

నయా రాయపూర్ చేరిన తరువాత ఆయన ఇంట తగవు కొంత మెత్తబడింది. నేల మట్టానికి అయిదు అడుగుల ఎత్తున స్తంభాల మీద రెండు గదులు మాత్రమే కట్టాలని, మిగిలిన సొమ్ము రాయపూర్‌లోనే ఉంచాలని కుమారుడు అంగీకరించాడు. ఎత్తు అయిదు అడుగులు చాలునా, ఏడు కావాలా అన్నది ఇంకా తేలలేదు. అక్కగారు ఏడే అంటున్నారు.

మే నెలలో కాలువల పూడిక తీస్తారని తెలిసి ఆయన పది రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టారు. కారణం అన్న గడిలో "కాలువ పూడికతీత" అని వ్రాశారు. సిబ్బంది విభాగం వారు, ఏ కాలువ, ఏ ప్లాంటు, పని అప్పగించిన ఉత్తర్వు సంఖ్య తెలుపవలెనని కాగితం తిప్పి పంపారు. ఆయన దానిపై "గాడేరు" అని మాత్రం వ్రాసి మళ్ళీ పంపారు. సెలవు మంజూరైంది.